వర్చువల్ మెషీన్‌లో డాన్స్ గేమ్: ఆఫ్‌సెట్ ఎంత మార్చినా అడుగు పాటకి ఎందుకు కలవట్లేదు?

తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుందని ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను. మీది విండోస్ 11 ల్యాప్‌టాప్. అందులో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో నకిలీ కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్), దానిలో విండోస్ ఎక్స్‌పీ, ఆ ఎక్స్‌పీలో 2000 తర్వాతి తొలి ఏళ్లలో సీడీ మీద వచ్చిన నాలుగు బాణాల డాన్స్ గేమ్. ఆడటానికి యూఎస్‌బీ డాన్స్ ప్యాడ్ ఉంది. ఆట తెరుచుకుంటోంది, పాట మోగుతోంది. కానీ బాణాలు కుదుపులతో కదులుతున్నాయి, అడుగు సరిగ్గా పడిందనిపించినా లేటు అంటోంది. ఆఫ్‌సెట్ (పాటకీ బాణాలకీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు జరపాలో చెప్పే సెట్టింగ్) మార్చి ఒక పాటకి కుదిర్చితే, ఇంకో పాటకి చెడుతోంది. ర్యామ్ పెంచారు, నాలుగు కోర్లు ఇచ్చారు, తేడా రాలేదు. ఇంకే సెట్టింగ్ మార్చాలి, అసలు ఆర్కేడ్ మెషీన్ ఫైళ్లనే వర్చువల్ మెషీన్‌లో పెట్టి ఆడొచ్చా అని అడిగారు.

మీరు రాసినదాంట్లో "ఒక పాటకి కుదిర్చితే ఇంకో పాటకి చెడుతోంది" అన్న మాట దగ్గర నేను ఆగాను. సమస్య ఆలస్యం అయితే ఆఫ్‌సెట్‌తో పోయేది. పోలేదంటే మీ దగ్గర ఉన్నది ఆలస్యం ఒక్కటే కాదు, ఆ ఆలస్యం నిలకడగా లేదు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. తాళం వేసేవాడు ప్రతిసారీ ఒకే లెక్కన ఆలస్యంగా వేస్తే పాడేవాడు ఎలాగోలా సర్దుకుంటాడు. ఒకసారి ముందు, ఒకసారి వెనక వేస్తే ఎంత గొప్ప గాయకుడైనా ఏం చెయ్యలేడు. మీ వర్చువల్ మెషీన్ రెండో రకం.

ఎంత తేడాని పెద్ద తేడా అనాలో ముందు లెక్క చూద్దాం. నిమిషానికి 150 బీట్లు ఉన్న పాటలో ఒక బీట్ 400 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు భాగాలు చేసి వేగంగా అడుగులు వేయిస్తే, అడుగుకీ అడుగుకీ మధ్య 100 మిల్లీసెకన్లు. కొనామీ కంపెనీ ఆర్కేడ్ ఆట డాన్స్ డాన్స్ రివల్యూషన్‌లో అన్నిటికన్నా పై జడ్జిమెంట్ (ప్రతి అడుగుకీ ఆట ఇచ్చే తీర్పు) అయిన 'మార్వెలస్' రావాలంటే అడుగు ముందైనా వెనకైనా సుమారు 16.7 మిల్లీసెకన్ల లోపల పడాలి. అది 60 హెర్ట్జ్ తెర మీద ఒక్క ఫ్రేమ్ కాలం. దాని కింది 'పర్ఫెక్ట్'కి సుమారు 33 మిల్లీసెకన్లు. అంటే 20 మిల్లీసెకన్లు అటూ ఇటూ ఊగే వ్యవస్థలో మీరు యంత్రంలా అడుగులు వేసినా జడ్జిమెంట్ మారిపోతూనే ఉంటుంది. సినిమా చూడటానికో, టైపింగ్‌కో 20 మిల్లీసెకన్లు లెక్కలోకి రావు. ఈ ఆటలకి అదే సర్వస్వం.

మరి ఆ ఊగిసలాట ఎక్కడ పుడుతోంది?

అన్నిటికన్నా పెద్ద కారణం కాలం. ఎక్స్‌పీ లాంటి పాత సిస్టమ్ టైమర్ నుంచి వచ్చే టిక్కుల్ని లెక్కపెట్టి కాలం నడుపుతుంది. కచ్చితత్వం కావాలని ఆట అడిగితే ఆ టిక్కులు సెకనుకి 1000 దాకా పెరుగుతాయి. అసలు కంప్యూటర్‌లో అవి చిప్ నుంచి సమయానికి వస్తాయి. వర్చువల్ మెషీన్‌లో వాటిని పుట్టించేది సాఫ్ట్‌వేర్. మీ వర్చువల్ ప్రాసెసర్ హోస్ట్ విండోస్ (అంటే ల్యాప్‌టాప్‌లోని అసలు విండోస్ 11) దృష్టిలో ఒక మామూలు థ్రెడ్, అంటే వంతు కోసం చూసే ఒక పని మాత్రమే. బ్రౌజర్, యాంటీవైరస్, అప్‌డేట్లతో పాటు అది కూడా వరసలో నిలబడాలి. దాని వంతు 15 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఆ సమయంలో ఇవ్వాల్సిన టిక్కులు పోగుపడతాయి. వంతు రాగానే అవన్నీ గబగబా ఇచ్చేసి, వెనకబడ్డ గడియారాన్ని ముందుకు తోస్తారు. లోపల ఉన్న ఆటకి ఇది ఎలా కనిపిస్తుందో ఊహించండి: కాలం కాసేపు ఆగింది, తర్వాత పరుగెత్తింది. బాణాల కుదుపు అదే. ఆ పరుగు సమయంలో మీ అడుగు పడితే, దానికి తగిలే టైమ్ ముద్ర తప్పుది.

అందుకే కోర్లు పెంచితే ఏమీ రాలేదు. సమస్య శక్తి చాలకపోవడం కాదు, వంతు సమయానికి రాకపోవడం. పైగా ఎక్స్‌పీ కాలం నాటి చాలా ఆటలు ఒకే కోర్ ఉంటుందనుకుని రాసినవి. ఒకటికన్నా ఎక్కువ కోర్లు ఇస్తే వాటిలో కాలం లెక్కపెట్టే కౌంటర్ల మధ్య తేడాలతో కొన్ని ఆటలు ఇంకా తికమక పడతాయి. వెంటనే ఒక్క కోర్‌కి తగ్గించండి. ర్యామ్ 1 జీబీ చాలు.

రెండోది సౌండ్, దీని సంగతి చాలామందికి తెలియదు. మంచి రిథమ్ గేమ్ బాణాన్ని ఎక్కడ చూపించాలో తేల్చుకోవడానికి గోడ గడియారాన్ని చూడదు, "పాటలో ఇప్పుడు ఎక్కడున్నాం?" అని సౌండ్ కార్డుని అడుగుతుంది. బాణం ఎప్పుడూ వినిపిస్తున్న పాటతో కలిసి ఉండాలి కాబట్టి అదే సరైన పద్ధతి. వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీకి కనిపించే ఏసీ97 సౌండ్ కార్డు నిజం కార్డు కాదు. ఆట దానికి ఇచ్చిన శబ్దం ఒక బఫర్‌లో (మోగే వంతు వచ్చేదాకా శబ్దాన్ని దాచే చోటు) పడుతుంది, అక్కణ్ణుంచి హోస్ట్ విండోస్ బఫర్‌లోకి వెళ్తుంది, ఆ తర్వాత స్పీకర్‌కి. బఫర్ అంటే కచ్చితంగా కాలమే. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన 512 శాంపిళ్లు 11.6 మిల్లీసెకన్లు, 2048 అయితే 46 మిల్లీసెకన్లు. "ఇప్పుడు ఎక్కడున్నాం?" అన్న ప్రశ్నకి ఆ నకిలీ కార్డు చెప్పే జవాబు తన బఫర్ లెక్క మాత్రమే. స్పీకర్ దగ్గర నిజంగా ఏం వినిపిస్తోందో దానికి తెలియదు. బఫర్ ఖాళీ అయితే శబ్దం చిటపటమంటుంది, ఆ తర్వాత రెండిటి మధ్య దూరం ఇంతకుముందులా ఉండదు. మీరు ఒక పాటకి కుదిర్చిన ఆఫ్‌సెట్ ఇంకో పాటకి చెడటానికి నాకు కనిపిస్తున్న బలమైన కారణం ఇదే. పాట మధ్యలో ఒక్కసారి 'చిట్' అని వినిపించినా, అక్కణ్ణుంచి స్కోరుని నమ్మకండి.

తెర సంగతి క్లుప్తంగా చెప్తాను. వర్చువల్‌బాక్స్ 6.1 నుంచి పాత త్రీడీ పద్ధతిని తీసేశారు, కాబట్టి ఇప్పటి వెర్షన్లలో ఎక్స్‌పీ గెస్ట్‌కి (వర్చువల్ మెషీన్ లోపల నడిచే సిస్టమ్‌ని గెస్ట్ అంటారు) గ్రాఫిక్స్ కార్డు సాయం అందదు. బాణాలు గీసే పని మొత్తం ప్రాసెసర్ మీదే పడుతోంది. వీఎం (వర్చువల్ మెషీన్) విండోలో ఆడుతుంటే హోస్ట్ డెస్క్‌టాప్ ఆ బొమ్మని మళ్లీ తన లెక్కన తెరమీద పెడుతుంది, అది ఇంకో ఆలస్యం.

ఇప్పుడు ప్యాడ్. ప్యాడ్ పనిచేస్తోంది అన్నారు కాబట్టి దాన్ని యూఎస్‌బీ ఫిల్టర్ (ఏ పరికరాన్ని గెస్ట్‌కి అప్పగించాలో చెప్పే సెట్టింగ్) ద్వారా గెస్ట్‌కి ఇచ్చే ఉంటారు. వర్చువల్‌బాక్స్ కీబోర్డుని, మౌస్‌ని తనంతట తాను లోపలికి పంపుతుంది గానీ, గేమ్ కంట్రోలర్‌ని అలా పంపదు. ఎక్స్‌పీకి యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు, కాబట్టి వీఎం సెట్టింగ్స్‌లో 1.1 లేదా 2.0 కంట్రోలర్ ఎంచుకోండి. హోస్ట్‌లో ప్యాడ్‌ని కీబోర్డు కీలుగా మార్చే ప్రోగ్రామ్ ఏదైనా నడుస్తుంటే తీసేయండి. అలా చేస్తే అడుగు ముందు హోస్ట్‌లో కీ అవుతుంది, తర్వాత వీఎం విండోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి నకిలీ కీబోర్డుగా ఎక్స్‌పీలోకి. ప్రతి మలుపులోనూ కొంత కాలం కరుగుతుంది.

ప్యాడ్ విషయంలో వీఎంతో సంబంధం లేని ఇబ్బంది ఒకటుంది. ప్లేస్టేషన్ ప్యాడ్‌ని యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలించారా? కొన్ని అడాప్టర్లు నాలుగు బాణాల్ని నాలుగు బటన్లుగా కాకుండా, జాయ్‌స్టిక్ కర్రలా రెండు అక్షాలుగా పంపుతాయి. కర్ర ఒకేసారి ఎడమకీ కుడికీ వంగదు కదా. మీరు రెండు కాళ్లతో ఎడమ, కుడి ఒకేసారి తొక్కితే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆటకి ఏమీ అందదు. పరీక్ష సులువు: విండోస్ గేమ్ కంట్రోలర్ల ప్యానెల్ తెరిచి, ఎడమ, కుడి ప్యానెళ్లు రెండూ తొక్కి పట్టుకోండి. రెండు బటన్ గుర్తులు వెలిగితే మంచిది. మధ్యలో ఉన్న ప్లస్ గుర్తు కదలకుండా అలాగే ఉంటే అడాప్టర్ మార్చాల్సిందే, ఏ సాఫ్ట్‌వేర్ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు.

ఇక ఏం చేయాలి అన్న దగ్గరికి వస్తే, నా మొదటి సలహా వర్చువల్ మెషీన్ నుంచి బయటికి రమ్మనే. మీరు అడిగినదానికి ఇది నేరు జవాబు కాదని తెలుసు. కానీ వీఎంలో ఎన్ని సర్దినా చివరికి మిగిలే ఊగిసలాట, బయట ఏమీ సర్దకుండానే ఉండదు. అందుకే వరసలో ఇది ముందుండాలి.

ఆ ఆటని నేరుగా విండోస్ 11 మీదే నడిపి చూశారా? పాత డైరెక్ట్ఎక్స్ (ఆటలు బొమ్మలు గీయడానికి వాడే విండోస్ భాగం) ఆటలు ఇప్పటి విండోస్‌లో మొరాయించడానికి ఎక్కువగా గ్రాఫిక్సే కారణం. డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రామ్ పాత డైరెక్ట్ఎక్స్ పిలుపుల్ని కొత్త డైరెక్ట్ఎక్స్ 11, 12 లోకి మార్చి పెడుతుంది. దాని ఫైళ్లు ఆట ఉన్న ఫోల్డర్‌లో వేయడమే, సిస్టమ్‌లో ఏమీ మారదు. అయితే ఆట సీడీకి కాపీ రక్షణ ఉంటే ఇది సరిపోకపోవచ్చు. సేఫ్‌డిస్క్ లాంటి పాత రక్షణలకి కావాల్సిన డ్రైవర్‌ని విండోస్ 10 నుంచి భద్రతా కారణాలతో తీసేశారు. మీరు ఎక్స్‌పీ వీఎం దాకా వెళ్లడానికి అదే కారణం అయ్యుండొచ్చు.

రెండో దారి ఇంకా మంచిది. మీకు కావాల్సింది సరిగ్గా ఆ సీడీలోని ఆటేనా, లేక ఆర్కేడ్‌లో ఆడినట్టు నాలుగు బాణాల ఆటా? రెండోదైతే స్టెప్‌మేనియా అనే డాన్స్ గేమ్ కుటుంబంలోకి రండి. అది ఓపెన్ సోర్స్, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నేరుగా నడుస్తుంది. 2004లో రాక్సార్ గేమ్స్ తెచ్చిన ఇన్ ద గ్రూవ్ అనే ఆర్కేడ్ మెషీన్ లోపల నడిచింది కూడా స్టెప్‌మేనియా మీద కట్టిన ప్రోగ్రామే, కాబట్టి "ఇది అసలు ఆర్కేడ్ కాదు" అన్న బెంగ అక్కర్లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది దాని నుంచి వచ్చిన ఐటీజీమేనియా. టైమింగ్ మీద శ్రద్ధ ఉన్న ఆటగాళ్లే దాన్ని చూసుకుంటున్నారు. అందులో ఆఫ్‌సెట్ కూడా మీరు గుడ్డిగా ఊహించనక్కర్లేదు: ఆటలో ఎఫ్6 నొక్కుతూ పోతే ఆటోసింక్ మెషీన్ అని వస్తుంది, మీకు బాగా వచ్చిన పాట ఒకటి ఆడండి, మీ అడుగుల్ని చూసి అదే లెక్క కడుతుంది. ఎఫ్7 నొక్కితే ప్రతి బాణానికీ ఒక టిక్ శబ్దం వస్తుంది, ఎఫ్8 నొక్కితే ఆట తనే ఆడుకుంటుంది. ఈ రెండూ కలిపి పెట్టి వినండి. టిక్కులు డప్పు దెబ్బలతో కలుస్తున్నాయంటే సౌండ్ సరిగ్గా ఉంది, మిగిలిన తప్పు ప్యాడ్ దగ్గరో తెర దగ్గరో వెతకాలి.

లేదు, ఆ సీడీయే కావాలి, వీఎం తప్పదు అంటే, అప్పుడు చేయాల్సినవి ఇవి.

ముందు వర్చువల్‌బాక్స్ విండో కింద ఉండే చిన్న గుర్తుల వరస చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు కనిపిస్తోందా? కనిపిస్తే వర్చువల్‌బాక్స్ మీ ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని నేరుగా వాడట్లేదు, వర్చువల్ మెషీన్ల కోసం విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ హైపర్-వీ మీద ఎక్కి నడుస్తోంది. అంటే మధ్యలో ఇంకో పొర, టిక్కులు ఆలస్యం కావడానికి ఇంకో కారణం. విండోస్ 11లో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ, డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపే సౌకర్యం), వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ వీటిలో ఏది ఆన్‌లో ఉన్నా హైపర్-వీ లేచే ఉంటుంది. వాటిని ఆపి రీస్టార్ట్ చేస్తే తాబేలు పోతుంది. కానీ మెమరీ ఇంటిగ్రిటీ మీ ల్యాప్‌టాప్‌కి రక్షణ. బ్యాంకు పనులు, ఆఫీసు పనులు అదే ల్యాప్‌టాప్ మీద చేస్తుంటే ఒక ఆట కోసం దాన్ని శాశ్వతంగా ఆపి ఉంచమని నేను చెప్పను.

తర్వాత వర్చువల్‌బాక్స్ బదులు అలాంటిదే అయిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో వేసి చూడండి. 2024 మేలో వ్యక్తిగత వాడకానికి, ఆ నవంబర్‌లో అందరికీ ఉచితం చేశారు. ఎక్స్‌పీ గెస్ట్‌కి కూడా డైరెక్ట్ఎక్స్ 9 స్థాయి త్రీడీ సాయం ఇస్తుంది, మీలాంటి వాళ్లకి అదే దాని విలువ. ఎక్స్‌పీకి సరిపడే పాత వీఎంవేర్ టూల్స్ (గెస్ట్ లోపల వేసే డ్రైవర్ల కట్ట) వేస్తేనే ఆ సాయం అందుతుంది, మర్చిపోకండి. ఫుల్ స్క్రీన్‌లో ఆడండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఉండాలి, పవర్ మోడ్ గరిష్ఠ పనితీరుకి పెట్టాలి. ఎందుకంటే ప్రాసెసర్ వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటే వంతులూ అలాగే ఊగుతాయి. బ్రౌజర్ మూసేయండి. ఆటకి ముందు వీఎంని సేవ్ చేసిన స్థితి నుంచి లేపకుండా మామూలుగా బూట్ చేయండి, గడియారం సర్దుబాట్ల గోల తగ్గుతుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది, కాబట్టి ఆ వీఎంకి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. భద్రతకీ మంచిది, వెనకాల నడిచే పనులూ తగ్గుతాయి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతుంటే, ఇవేవీ మొదలుపెట్టకముందే వాటిని తీసి వైరున్నవి పెట్టండి. మామూలు బ్లూటూత్ శబ్దం 100 మిల్లీసెకన్లు దాటి ఆలస్యమవుతుంది. ఇందాక చెప్పిన పాట లెక్కలో అది ఒక పూర్తి అడుగు. తెరకి బదులు టీవీ పెట్టుకుంటే దాంట్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి.

ఏ మార్పు ఎంత పనిచేసిందో కళ్లతో తేల్చలేం, అందుకే కొలవండి. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. ప్యాడ్ మీద మీ కాలు, తెర రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్ పెట్టి, పైన ఉండే ఖాళీ బాణం వెలిగేదాకా ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. ఒకటి రెండు అడుగులు కాదు, వరసగా ఓ ఇరవై అడుగులు తీయండి. ప్రతిసారీ పద్నాలుగు, పదిహేను ఫ్రేములు వస్తే మీ ఆలస్యం సుమారు 60 మిల్లీసెకన్లు, కానీ నిలకడగా ఉంది. ఆఫ్‌సెట్‌తో పోతుంది, సంతోషంగా ఆడుకోండి. ఒకసారి తొమ్మిది, ఒకసారి ఇరవై రెండు వస్తే ఏ ఆఫ్‌సెట్ అయినా వృథా. సగటు తక్కువున్నదాని కన్నా తేడా తక్కువున్న సెట్టింగ్‌నే ఉంచుకోండి, సగటు కాస్త ఎక్కువైనా పర్వాలేదు.

ఆర్కేడ్ ఫైళ్ల గురించి. డాన్స్ డాన్స్ రివల్యూషన్ 1998లో వచ్చింది. దాని తొలి మెషీన్లు కొనామీ సిస్టమ్ 573 అనే బోర్డు మీద నడిచాయి. అది మొదటి ప్లేస్టేషన్ హార్డ్‌వేర్ ఆధారంగా చేసింది, ప్రాసెసర్ మిప్స్ జాతిది. వర్చువలైజేషన్ మీ ప్రాసెసర్‌నే గెస్ట్‌తో పంచుకుంటుంది, వేరే జాతి ప్రాసెసర్‌కి రాసిన ప్రోగ్రామ్‌ని అది నడపలేదు. దానికి ఆ ప్రాసెసర్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే మేమ్ లాంటి ఎమ్యులేటర్ కావాలి, అది వేరే పని. ఇన్ ద గ్రూవ్ లాంటి మెషీన్లలో ఉన్నది పీసీ, లినక్స్ కాబట్టి సిద్ధాంతంగా వీఎంలో లేవొచ్చు. కానీ ఆ ప్రోగ్రామ్ మెషీన్ తాలూకు ఇన్‌పుట్ బోర్డుని, సెక్యూరిటీ డాంగిల్‌ని (అసలు మెషీనే అని రుజువు చేసే చిన్న తాళంచెవి లాంటి పరికరం) వెతుక్కుంటుంది. ఇదంతా సాంకేతికం, అసలు సంగతి వేరే. ఆ ఫైళ్లు కంపెనీ ఆస్తి, మెషీన్ మీది కానప్పుడు వాటిని దింపుకుని ఆడటం తప్పు, ఆ దారిలో నేను సాయం చేయను. కొనామీకే పీసీ వెర్షన్లు ఉన్నాయి: బీట్‌మేనియా టూడీఎక్స్ ఇన్ఫినిటాస్, డాన్స్ డాన్స్ రివల్యూషన్ గ్రాండ్ ప్రీ. మీ దేశంలో అందుబాటులో ఉన్నాయో లేదో చూసుకుని, ఉంటే వాటిని కూడా వీఎంలో కాకుండా నేరుగా విండోస్‌లోనే ఆడండి.

ఆర్కేడ్‌లో అంత హాయిగా ఎందుకు అనిపిస్తుందంటే, అక్కడ తెర, స్పీకర్, ప్యాడ్, బోర్డు అన్నీ ఒకదాని కోసం ఒకటి ఎంచి బిగించినవి. ప్రోగ్రామ్ రాసినవాళ్లకి ప్రతి ఆలస్యం ముందే తెలుసు. ఆ బోర్డు ఇప్పటి ఫోన్ ముందు కూడా ఎందుకూ చాలదు, కానీ దానికి ఆట తప్ప ఇంకో పని లేదు. మీ ల్యాప్‌టాప్‌కి శక్తి ఎంతో ఉంది, అయినా అది ఒకేసారి వంద పనులకి జవాబు చెప్పాలి.

కాబట్టి వీఎంలో అన్నీ సర్దాక ఏమాత్రం ఆశించవచ్చో కూడా చెప్పేస్తాను. తేలిక, మధ్యస్థ స్థాయి పాటలు ఇబ్బంది లేకుండా ఆడొచ్చు, 'పర్ఫెక్ట్'లు బాగానే పడతాయి. వేగమైన పాటల్లో 'మార్వెలస్' లెక్కపెట్టుకుంటూ స్కోరు పెంచుకోవాలంటే మాత్రం వీఎం మీద సాధన చేయకండి. ఊగే గడియారం మీద నేర్చుకుంటే కాలు ఆ ఊగుకి అలవాటు పడుతుంది, తర్వాత మంచి మెషీన్ మీద ఎక్కినప్పుడు ఆ అలవాటు పోగొట్టుకోవడానికి చాలా కష్టపడాలి.

తాబేలు ఉందా లేదా, గేమ్ కంట్రోలర్ల ప్యానెల్‌లో ఎడమ, కుడి కలిపి తొక్కితే ఏం వెలిగింది, స్లో మోషన్‌లో అన్నిటికన్నా తక్కువ ఎన్ని ఫ్రేములు, ఎక్కువ ఎన్ని ఫ్రేములు వచ్చాయి, ఈ మూడూ చూసి రాయండి. ఆట పేరు కూడా రాస్తే డీజీవూడూలో దానికి ఏ సెట్టింగ్ పెట్టాలో కలిసి చూద్దాం.